ఊడిరాని ఉంగరం

అమ్మాయ్,

నీ కవరు వచ్చి ఇరవై రోజులు దాటింది. జవాబు కోసం తిరుగు స్టాంపులు కూడా పెట్టావు. ఇప్పటికీ అలా పెట్టేవాళ్లున్నారా అని ముచ్చటేసింది. ఆ ముచ్చట నీ ఏకపాత్ర పద్నాలుగో పేజీ దాకానే. అక్కడికొచ్చేసరికి ఒళ్లు మండింది. అందుకే ఇన్నాళ్లు పెన్ను పట్టుకోలేదు. కోపంలో రాస్తే నాకు కాగితం చిరుగుతుంది.

ఏకపాత్ర రాయాలనుకోవడం, అందులోనూ షేక్‌స్పియర్ నాటకంలో, ఇంటికొచ్చిన రాజుని మొగుడి చేత చంపించి రాణి అయిన లేడీ మాక్‌బెత్‌ని ఎంచుకోవడం ధైర్యమే. మనవాళ్లకి ఏకపాత్ర అంటే గద భుజాన వేసుకుని మీసం తిప్పే దుర్యోధనుడు. ఆడపిల్ల ఒక్కతే స్టేజీ ఎక్కి నలభై నిమిషాలు నిలబడే పాత్ర ఎవరైనా రాస్తే బాగుండునని నేనూ అనుకునేదాన్ని. కానీ పద్నాలుగో పేజీలో రాణి చేత ఏం చేయించావో ఒక్కసారి గట్టిగా పైకి చదువుకో. నిద్రలో నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి మెలకువ తెచ్చుకుని, స్టేజీ ముందుకొచ్చి, జనానికి దణ్ణం పెట్టి, "అక్కచెల్లెళ్లారా, నాలాగా ఆశకు పోకండి" అంటుంది. ఆ తర్వాత పేజీన్నర ఏడుపు. 'వెక్కి వెక్కి ఏడ్వవలెను' అని బ్రాకెట్లో మూడుసార్లు రాశావు. లెక్కపెట్టాను.

ఆవిడ నాలుగు వందల ఏళ్లుగా ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదమ్మా. మొగుడికివ్వలేదు, దేవుడికివ్వలేదు. ఆ నిద్రలో నడిచే రంగంలో "దేవుడు మనందర్నీ క్షమించుగాక" అనేది చాటున నిలబడి చూస్తున్న వైద్యుడు, ఆవిడ కాదు. ఆవిడ నోట దేవుడి మాటే రాదు. అలాంటి మనిషి నీ దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది.

పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది. చేతులు కడిగి కడిగి వేళ్లు ఉబ్బి, పెళ్లి ఉంగరం ఊడిరాక తిప్పలు పడుతుంది. అది చదివి లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. అది నీదే, ఏ పుస్తకంలోనూ లేదు. బాగుంది. పొగడ్తలు ఇంతటితో అయిపోయాయి.

నన్ను బాధపెట్టిన రెండో సంగతి, ఆవిడకి నువ్వు రాసిపెట్టిన వకాల్తా. తాగుబోతు తండ్రి, ఇష్టంలేని పెళ్లి, చచ్చిపోయిన బిడ్డ, తలుపు చాటున విన్న అవమానం. మొదటి ఆరు పేజీలూ అదే. పాపం, ఇన్ని కష్టాలు పడింది కాబట్టి రాజుని చంపించింది అని మేం అనుకోవాలి. ఎవరు నేర్పారు నీకిది? నాకు తెలుసులే. ఈమధ్య ఒక సిరీస్ వాళ్ల కుర్రాడు ఫోన్ చేసి, నా పాత నాటికలోని ఆడమనిషికి "బ్యాక్ స్టోరీ ఏంటి మేడమ్" అని అడిగాడు. భూమి కావాలనుకుంది బాబూ, అన్నాను. "అది కాదు మేడమ్, చిన్నప్పుడు ఏం జరిగింది?" అన్నాడు. చిన్నప్పుడు గోళీలాడింది అని పెట్టేశాను. అంతకుముందు ఒక ఎడిటర్‌గారుండేవారు. ఆయనకి 'పాత్రలో పరివర్తన' కావాలి. ఈ కుర్రాళ్లకి గాయం కావాలి. ఆడది ఆశపడితే ముందు ఒక దెబ్బైనా తగిలుండాలి, వెనక ఒక ఏడుపైనా ఉండాలి. రెండూ లేకుండా ఉత్తినే ఆశపడితే వాళ్లకి నిద్రపట్టదు. మాక్‌బెత్‌కి రాజవ్వాలని ఎందుకుందని ఎవరైనా అడుగుతారా? మగాడు, సైన్యాధిపతి, ఆశ ఉండదా అంటారు. 'ఇలాంటి ఆడదాన్ని రాస్తే స్త్రీ వ్యతిరేకి అంటారేమో' అని అడిగావు కదా, నీ ప్రశ్నకి జవాబు ఇందులో ఎక్కడో ఉంది. వెతుక్కో.

ఆవిడకి గ్రూఖ్ అని పేరు పెట్టావు. చరిత్ర చదివావన్నమాట, మంచిదే. 11వ శతాబ్దంలో స్కాట్లాండులో నిజంగానే ఉన్న రాణి. మొదటి మొగుణ్ణి 1032లో ఏభై మంది మనుషులతో సహా తగలబెట్టారు. ఆయనవల్ల పుట్టిన కొడుకు లూలాఖ్. తర్వాత మాక్‌బెత్‌ని చేసుకుంది. ఆ మాక్‌బెత్ 1040లో రాజు డంకన్‌ని చంపింది పడకగదిలో కాదు, యుద్ధంలో. ఆ తర్వాత పదిహేడేళ్లు ఏలాడు. ఆ మొగుడూ పెళ్లాలు కలిసి లోఖ్ లీవెన్ అనే చోటి సన్యాసులకి భూములు దానం చేసినట్టు రికార్డుంది. ఆవిడ కథ వేరే, అది కావాలంటే విడిగా రాయి, అద్భుతంగా ఉంటుంది. కానీ ఆవిడ కష్టాలు అరువు తెచ్చి ఈవిడకి పూయకు. షేక్‌స్పియర్ ఈవిడకి పేరే పెట్టలేదు. 1623లో అచ్చయిన పుస్తకంలో ఆవిడ మాటల ముందు 'లేడీ' అనే ఉంటుంది. మొదటిసారి వచ్చేటప్పుడు 'మాక్‌బెత్ భార్య, ఒంటరిగా, చేతిలో ఉత్తరంతో' అని ఉంటుంది. అంతే పరిచయం. వెనక్కి తిరిగి చూడ్డానికి ఏమీ లేదు. చేతిలో ఉత్తరం, ఉత్తరంలో కిరీటం.

ఇంకో తమాషా చెబుతాను. షేక్‌స్పియర్ హోలిన్‌షెడ్ అనే ఆయన రాసిన చరిత్రలోంచి ఈ కథ తీసుకున్నాడు. అందులో ఈవిడ గురించి ఉన్నది ఒక్క ముక్క: మహా ఆశపోతు, రాణి అనిపించుకోవాలని దహించుకుపోయేది, మొగుణ్ణి తెగ సతాయించింది. ఇంటికొచ్చిన రాజుని నిద్రలో చంపడమనేది అదే పుస్తకంలో ఇంకో జంట కథ. డోన్వాల్డ్ అనేవాడు పెళ్లాం మాట విని డఫ్ అనే రాజుని అలా చంపించాడు. ఈయన రెండూ కలిపేశాడు. కానీ చేతులు కడుక్కోవడం, నిద్రలో నడవడం, పక్కన దీపం, ఇవి ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. ఆశ చరిత్ర ఇచ్చింది. లోపల తొలిచే పురుగుని నాటకం రాసినవాడు పెట్టాడు. ఎక్కడ పెట్టాడో, ఎంత పెట్టాడో చూడాల్సింది అక్కడ.

అది చెప్పేముందు మా మేనత్త సంగతి చెప్పాలి.

మా మేనత్త అత్తగారు మంచాన పడింది. రెండెకరాల మాగాణి ఆ ముసలావిడ పేరు మీద ఉంది. అది చిన్నకొడుక్కి ఇవ్వాలని ఆవిడ కోరిక, ఊరందరికీ తెలుసు. ఒకరోజు రాత్రి మా అత్త దస్తావేజులు రాసే ఆయన్ని పిలిపించింది. తెల్లారేసరికి ముసలావిడ పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. శవానికి నీళ్లు పోయడానికి ఆడవాళ్లు ఇంకా రాకముందు, మా అత్త మంచం పక్కన కూర్చుని, కిరసనాయిలు ముంచిన గుడ్డతో ముసలావిడ బొటనవేలు తుడుస్తోంది. గోరు అంచున నీలం ఇంకు. అది మాత్రం ఎంత తుడిచినా పోలేదు. నన్ను చూసి, "దీపం బుడ్డి ఒలికింది, వెళ్లి మొహం కడుక్కో" అంది.

ఆ భూమిని చక్కగా సాగు చేయించింది. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది. మరిది కుటుంబం పక్క ఊరెళ్లిపోయింది. మా అత్త ఏడవగా నేను చూడలేదు, పశ్చాత్తాపం అనే మాట ఆవిడ నోట వినలేదు. పండగొస్తే అందరికంటే ముందు కొత్తచీర కట్టేది ఆవిడే. కానీ ఏభై ఏళ్లు దాటాక ఒక మధ్యాహ్నం పలకా బలపం తెచ్చి నా ముందు పెట్టి, "నాకు సంతకం నేర్పవే" అంది. అక్షరం ముక్క రాని మనిషి. ఎందుకత్తా ఇప్పుడు అంటే, "వేలిముద్ర మనుషులంటే జనానికి చులకన" అంది. నాలుగు నెలలు పట్టింది. అప్పటినించీ ఎక్కడ ఇంకు ప్యాడ్ కనబడినా కుడిచెయ్యి కొంగులో దూర్చేసేది. సొసైటీ ఆఫీసులో గుమాస్తా "ఏలిముద్రెయ్యమ్మా" అంటే ఆయన వంక ఎలా చూసిందో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇన్నాళ్లూ దాన్ని సరిగ్గా రాయలేకపోయాను.

రాయలేదా అంటే రాశాను. నాటక పరిషత్తు పోటీలకి నాటికగా రాశాను, 1980ల్లో. గంటలోపు అయిపోవాలి, లేకపోతే మార్కులు కోస్తారు. మొదట రాసినప్పుడు చివర్లో ఆ ఆడమనిషి పలక మీద తన పేరు దిద్దుతూ ఉంటుంది, తెర పడుతుంది. రిహార్సల్ చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన, పరిషత్తుల్లో ఆయన మాటకి ఎదురులేదు, "స్త్రీ పాత్ర చివర్లో మారాలమ్మా, ప్రేక్షకుడు క్షమించాలి" అన్నారు. నాకు బహుమతి కావాలి. ఎంత కావాలంటే, ఆ రాత్రే కూర్చుని ఎనిమిది నిమిషాల ఏడుపు సీను రాసేశాను. మరిది కాళ్లమీద పడి, దస్తావేజు చింపి, పసుపు కుంకుమలు తీసుకోమని... ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఉత్తమ రచనకి రెండో బహుమతి వచ్చింది. షీల్డు ఇప్పటికీ బీరువా మీదుంది, బంగారు రంగు ఊడిపోయి తగరం తేలింది.

ఆ ప్రదర్శనకి మా అత్త వచ్చింది. నేను రమ్మనలేదు. ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చుంది. జనం ఏడ్చారు, ఆవిడ ఏడవలేదు. రిక్షాలో ఇంటికొస్తుంటే చాలాసేపు మాట్లాడలేదు. నాకు గుండె దడ. చివరికి అంది కదా, "ఏడ్చే మనిషైతే అంత పని చేస్తుందటే?" తర్వాత రిక్షా ఆపించి ఇద్దరికీ గోళీసోడా కొట్టించింది. డబ్బులు ఎడంచేత్తో ఇచ్చింది.

నాటకం అంటే ఏమిటో నాకు చెప్పింది ఆవిడే. ఏ జడ్జీ చెప్పలేదు.

ఇప్పుడు నీ రాణి దగ్గరికి వద్దాం. ఆవిడ మెలకువలో ఉండగా తన బాధ ఎన్నిసార్లు ఒప్పుకుందో లెక్కపెట్టావా? రెండు చోట్ల కొంచెం జారుతుంది. మొదటిది హత్య రాత్రి. "నిద్రలో మా నాన్నలా కనబడకపోయుంటే నేనే చేసేదాన్ని" అంటుంది. ఒక్క వాక్యం, అదీ మొగుడు రాకముందు, తనలో తను. రెండోది రాణి అయ్యాక, మూడో అంకంలో. ఉన్నదంతా ఖర్చయిపోయింది, చేతికి ఏమీ రాలేదు, కోరింది దొరికినా తృప్తి లేకపోతే ఇంతేనన్న అర్థంలో నాలుగే నాలుగు పంక్తులు. అంతలో మొగుడొస్తాడు. వెంటనే మొహం మార్చి, "ఒంటరిగా ఎందుకలా కూర్చుంటున్నావు, అయిపోయిందేదో అయిపోయింది" అని అతన్నే మందలిస్తుంది. నాలుగు పంక్తులు తనకి, మిగతాదంతా సంసారానికి! మన ఇళ్లల్లో ఆడవాళ్లని చూశావుగా, పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకుని, పళ్లెం తెచ్చేటప్పుడు మామూలుగా ఉంటారు. ఆ నాలుగు పంక్తుల్ని నువ్వు నలభై చేశావు. అదీ మొగుడి ముందు.

తర్వాత విందు సీను. మొగుడు దయ్యాన్ని చూసి వెర్రెత్తినట్టు అరుస్తుంటే అతిథులకి సర్దిచెప్పి పంపించేస్తుంది. అందరూ వెళ్లాక అతన్ని తిట్టదు. నీకు నిద్ర లేదు, అదీ నీ జబ్బు, అంటుంది. మెలకువలో ఆవిడ మన ముందు అనే చివరి మాట నిద్ర గురించి. ఆ తర్వాత నాలుగో అంకం మొత్తం ఆవిడ కనిపించదు. ఆ మధ్యలో మొగుడు అవతల ఫైఫ్ అనే సీమ దొర పెళ్లాన్నీ పిల్లల్నీ నరికించేస్తాడు. ఈవిడ ఏమైందో, ఏం తింటోందో, ఏ గదిలో ఉంటోందో షేక్‌స్పియర్ ఒక్క మాట చెప్పడు. అయిదో అంకంలో అర్ధరాత్రి, దీపం పట్టుకుని వస్తుంది. ఈలోపు ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి. నీకు ఆ ఖాళీ కనిపించగానే టెన్షన్ వచ్చి, నాలుగు స్వగతాలు రాసి పూడ్చేశావు. బావి తవ్వినవాడు దాన్ని పూడుస్తాడా?

ఆ రంగంలో పనివాడితనం చూడు. మొదట్లో "చిక్కటి చీకటీ, రా" అని పిలిచిన మనిషి ఇప్పుడు దీపం లేకుండా ఉండలేదు, రాత్రంతా పక్కన వెలుగుతూ ఉండాలని ఆజ్ఞ. "కాసిని నీళ్లు పోస్తే పోతుంది" అన్న మనిషి పావుగంట కడుగుతూనే ఉంటుందని చెలికత్తె చెబుతుంది. అంతకుముందు పద్యంలో మాట్లాడిన రాణి ఇక్కడ వచనంలో, తునకలు తునకలుగా మాట్లాడుతుంది. గంట లెక్కపెడుతుంది, మొగుణ్ణి కోప్పడుతుంది, ముసలాయన ఒంట్లో ఇంత నెత్తురుందని ఎవరనుకున్నారు అంటుంది. మధ్యలో, "ఫైఫ్ దొరకి ఒక పెళ్లాం ఉండేది, ఇప్పుడెక్కడుంది?" ఆ హత్య ఈవిడ చేయించింది కాదు. ఈవిడతో చెప్పినట్టు కూడా నాటకంలో లేదు. అయినా ఆవిడ లెక్కలోకి వచ్చేసింది. ఇంకో ఆడది, ఇంకో ఇల్లు. నువ్వు ఈ వాక్యాన్ని కొట్టేశావు, 'ప్రేక్షకులకి అర్థం కాదని'. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదేనేమో.

ఏడుపు ఎక్కడుంది అందులో? ఒక పెద్ద నిట్టూర్పుంది. అంతే. తర్వాత 'పక్క మీదికి, పక్క మీదికి' అనుకుంటూ వెళ్లిపోతుంది. చావు కూడా మనకి చూపించడు. లోపల ఆడవాళ్ల కేక వినబడుతుంది, ఒకడొచ్చి రాణీగారు పోయారని చెబుతాడు.

సారా సిడన్స్ అని గొప్ప నటి ఉండేది. ఇరవై ఏళ్ల వయసులో ఈ వేషం కోసం, ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక్కతే కూర్చుని మాటలు వల్లెవేస్తోందట. హత్య సీను దగ్గరికొచ్చేసరికి భయమేసి, కొవ్వొత్తి లాక్కుని మేడమీదికి పరిగెత్తింది. మెట్లెక్కుతుంటే తన పట్టుబట్టల గరగరకే ఎవరో వెంటపడుతున్నారనుకుని, బట్టలు కూడా మార్చుకోకుండా పక్కమీద పడిపోయింది. నువ్వు రాసేటప్పుడు ఒక్కసారైనా భయమేసిందా? అదే సిడన్స్ 1785లో లండన్ డ్రూరీ లేన్‌లో ఈ వేషం కట్టినప్పుడు, నిద్రలో నడిచే సీనులో దీపం కింద పెట్టాలనుకుంది. అంతకుముందు ఆ వేషానికి పేరుపడ్డ నటి దీపం చేతిలోంచి వదిలేది కాదు. థియేటర్ నడిపే షెరిడన్ మేకప్ గదికి వచ్చి, వద్దు, జనం ఒప్పుకోరు అని బతిమాలాడు. దీపం పట్టుకుని చేతులు ఎలా కడుక్కుంటానండీ, అని ఆవిడ వాదన. పెట్టేసింది. తర్వాత ఆయనే వచ్చి మెచ్చుకున్నాడు. 1812లో ఆవిడ రంగస్థలం మానేసిన రాత్రి ఆ సీను అయ్యాక జనం నాటకం ముందుకు సాగనివ్వలేదు, అక్కడితో ఆపేశారు. నాకూ ఆ పెద్దాయనకి ఎదురు చెప్పే నోరుంటే ఎంత బాగుండేది! దీపం కింద పెట్టడం చిన్న విషయంలా ఉంటుంది. చేతులు రెండూ ఖాళీ అయితేగానీ ఆ మనిషి చేతులవంక మనం చూడం.

కైక గురించి కూడా అడిగావు. మనవాళ్లు కైకనీ ఇలాగే ఏడిపించారు. అధ్యాత్మ రామాయణంలో ఆవిడ రాముడి ముందు చేతులు జోడించి క్షమించమంటుంది, నా ఇష్టంతోనే జరిగిందిలే అని ఆయన ఓదారుస్తాడు. భక్తికి అది అవసరం కావచ్చు, నేను కాదనను. వాల్మీకి ఏం చేశాడో చూడు. భరతుడు రాముణ్ణి వెతుక్కుంటూ వెళ్తూ దారిలో భరద్వాజుడి ఆశ్రమంలో ఆగుతాడు. కౌసల్య, సుమిత్ర వచ్చి ముని పాదాలు పట్టుకుంటారు. తర్వాత కైక. కోరిక తీరలేదు, లోకమంతా తిట్టింది. సిగ్గుపడుతూ ఆయన పాదాలు పట్టుకుంది. 'సవ్యపత్రపా', సిగ్గుతో, ఒక్క మాట. అక్కడే నిలబడి కొడుకు ఆవిణ్ణి మునికి ఎలా పరిచయం చేస్తాడో చదువు, నేను చెప్పను.

నీ మిగతా ప్రశ్నలు, ఏ పత్రికకి పంపాలి, పద్యాలు పెట్టొచ్చా, ఏకపాత్రలకి ఇప్పుడు పోటీలున్నాయా, వాటికి నా దగ్గర జవాబు లేదు. పద్యాల గురించి ఉంది గానీ, ఈ ఉత్తరంలో చోటు లేదు.

పద్నాలుగో పేజీ చింపి నీకే తిప్పి పంపుతున్నాను. మొదటి ఆరు పేజీలూ నా దగ్గరే ఉంచుకున్నాను, ఉంటే మళ్లీ అతికిస్తావని. పదకొండో పేజీలో ఉంగరం ఊడి రాలేదని రాసి, అక్కణ్ణించి హడావిడిగా ఏడుపులోకి దూకావు. ఊడి రాకపోతే ఏం చేసింది? వెన్న రాసుకుందా? దారం చుట్టి లాగిందా? చెలికత్తెని పిలిచిందా, పిలవడానికి భయపడిందా? ఉంగరం ఉన్న వేలిని మిగతా వేళ్లతో కప్పుకుని విందుకి వెళ్లిందా? మా అత్తైతే కొంగులో దాచేసేది. ఆ అరపేజీ రాసి పంపు, అంతకంటే ఎక్కువ పంపకు. నువ్వు పెట్టిన స్టాంపులు ఇందులోనే పెడుతున్నాను, వాటిని ఈసారి వాడుకో.

ఉంటాను.